అద్దంలో పెదాలు

మొహం నిండా నురగ పూసుకుని కుర్చీలో కూర్చున్నాక, ఇస్త్రీ ఆయనకి సెలూన్ అన్న కబుర్లు వినక తప్పలేదు. ఇవాళ వినాలనే ఉంది కూడా. ఎదురుగా టైలరు షాపులో డాక్టరుగారి కోటు మాయమైనప్పుడు, దాన్ని ఇస్త్రీ చేసి బల్లమీద పెట్టి వచ్చిన పాపానికి, దొంగనే పేరు తనమీదే పడింది. మూడు రోజులు నలుగురిలో తలెత్తుకోలేకపోయాడు. చివరికి ఆ షాపులో మిషను కుట్టే అమ్మాయి, ఈ అన్న సొంత చెల్లెలు, కోటు పట్టుకొచ్చి ఇచ్చింది. ఆ పిల్లకి పుట్టుకతో చెవులు వినపడవు. ఎక్కడ దొరికిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"మా చెల్లి సంగతి మీకేం తెలుసయ్యా!" వీధికి వీపు పెట్టి, కత్తి నూరుతూ అందుకున్నాడు అన్న. "వీధి అవతల్నుంచి పెదాలు చూసి మాట చెప్పేస్తుంది."

"అది నిజమే," అన్నాడు బెంచీ మీద పోస్టుమాన్.

"దొంగవెధవ మూతికి మఫ్లరు చుట్టుకొచ్చాడు. వదుల్తుందా? గొంతుముడి కదలడం చూసి చదివేసింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు పారిపోయాడు. ఇది వాడి పాత ఫొటో తెప్పించి, అది తీసేముందు ఏమన్నాడో, తీశాక ఏమనబోయాడో రెండూ రాసిచ్చింది!"

"ఫొటోగ్రాఫరు ఏమన్నాడో కూడానా?"

"ఆహా! వాడి పెదాలు దొంగ కళ్ళల్లో కనపడ్డాయి!"

"మరి నువ్వేం చేశావు?"

"నేనా? దొంగని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి గొంతుమీద కత్తి పెట్టా, అంతా కక్కేశాడు. మొదట్నుంచీ నేను మొత్తుకుంటూనే ఉన్నా, మన ఇస్త్రీ తమ్ముడు బంగారం, పరాయి గడ్డిపరక ముట్టడని!"

ఇస్త్రీ ఆయనకి కళ్ళు చెమర్చాయి. తనకోసం ఒక్కడైనా మాట్లాడాడన్నమాట.

అంతలో చెల్లెలే విసవిసా వచ్చి, కొలతల పుస్తకంలో ఏదో గీకి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన పైకే చదివాడు.

"కోటు నాకు దొరికింది ఈ సెలూన్ కొక్కేనికే, తువ్వాళ్ళ కింద. వేసుకుంటే ఎలా ఉంటాడో చూసుకుందామని అన్నే తెచ్చుకున్నాడు, తగిలించి మర్చిపోయాడు. నిన్ను దొంగన్నదీ మొదట అన్నే. పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నా."

సెలూనంతా గొల్లుమంది.

"వీధికి వీపు పెట్టేగా చెప్పింది! ఎలా చూసిందిది?" అన్న నోరెళ్ళబెట్టాడు.

చెల్లెలు వేలితో ఎదురుగా ఉన్న నిలువెత్తు అద్దం చూపించింది.

అన్న తలొంచుకుని, "తప్పయింది తమ్ముడూ," అని గొణిగాడు.

చెల్లెలు ఒప్పుకోలేదు. పుస్తకం లాక్కుని మళ్ళీ రాసింది: "నాకు కనపడలేదు. తలెత్తి, పెదాలు బాగా కదిపి చెప్పు."