మర్రిపాడు ఎగువలో ట్రయలు

అది కాదు రేణుకా, నన్నెందుకమ్మా నీ టాక్సీలో కూర్చోబెట్టుకోనొచ్చినావు? ఆత్మకూరులో ఇరవై ఏండ్లుగా షెడ్డు పెట్టుకోనుండా. బాగు చేసేది నేను, ట్రయలుకి పోయేది బండిగలోళ్లు. అదీ పద్ధతి. నువ్వేమో "మస్తాన్ మామా, నువ్వు పక్కన కూర్చుంటేనే తాళం తిప్పుతా" అంటివి. షెడ్డులో అందరూ ఒకటే నవ్వు!

సర్లే, కూర్చున్నా గదా. ఇంక పోనియ్యి.

ఇదో, బండి కంప్యూటరుకి తగిలించిన స్కానరు నా చేతిలోనే ఉండాది. గాలి ఒత్తిడి నూట పది. ఇంకొంచెం తొక్కు. నూట నలభై... నూట డెబ్బై! టర్బో ఇంజనులోకి ఎంత గాలి తోస్తే సెన్సారు అంతే చెప్తా ఉండాది. పోయిన వారం పాత సెన్సారు అబద్ధం చెప్పబట్టే గదా అంత గోల.

ఎట్లా కనిపెట్టినానో చెప్పనా? ముందు పైపులన్నిటికీ సబ్బునీళ్లు కొట్టినా. ఒక్క బుడగ రాలా. టర్బో చేత్తో తిప్పినా, పువ్వు మాదిరి తిరిగింది. అప్పుడు ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం ఒక్క మెట్టు తిప్పి స్కానరు చూసినా. ఇంజను తిరగనప్పుడు టర్బో గాలి ఎక్కడిది? బయట గాలి ఎంతో అంతే చూపియ్యాల, వందకి అటూ ఇటూ. నీ బండిలో నూట తొంభై! దొరికినావురా దొంగా అనుకున్నా. ఎంత సంతోషమైందో! లేని గాలిని ఉందని సెన్సారు చెప్తాది, కంప్యూటరు భయపడి ఇంజను బలం తగ్గించేస్తాది. నువ్వెంత తొక్కినా బండి మూలుగుతాది గానీ కదల్దు.

ఏందా చూపు? రోడ్డు చూడమ్మా. ఎగువ వచ్చింది, ఇంక అంతా ఎక్కుడే.

ముందర రాళ్ల లారీ. పోయిన వారం కూడా ఇక్కడే గదా? మాలకొండమ్మకి నెల్లూరులో డయాలసిస్ చేపిచ్చుకోని వస్తా ఉండావు. వెనక సీట్లో ముసలామె పండుకోనుండాది. లారీని దాటబోతే బండి చచ్చిపడె, ఎదురుగా బస్సు. ఎట్లా పక్కకి కోసినావో నీకే తెలియాల.

రేణుకా... ఇండికేటరు ఎందుకేసినావు? ఇప్పుడు దాటొద్దు. ఎదురుగా ఎవరూ లేరు, నాకూ కనపడతా ఉండాది. కొత్త సెన్సారే, నేనే బిగించినా. అయినా వద్దు! ఒక్క మాట చెప్పనియ్యి.

పోయిన నెల నువ్వు బండి తెచ్చినప్పుడు సెన్సారు చెడిపోలా. దాని బొక్కలో మసి పట్టుండాది, అంతే. స్ప్రే కొట్టి ఆరబెడితే సరిపోయేది. స్ప్రే అయిపోయుండాది. బయట నాలుగు బండ్లు గిరాకీ. మొలతాడుకుండే పిన్నీసు తీసి గీకినా. లోపల ఏదో పల్చటి పొర చిట్లింది.

మసేలే అనుకున్నా.

లేదు, అబద్ధం. అప్పుడే తెలుసు. తెలిసే, స్టీరింగు ముందర వెలిగే వార్నింగు లైటు ఆర్పేసి "ఫస్ట్ క్లాసు, పో" అన్నా.

అక్కడితో ఆగినానా? ఆ బస్సు గండం తప్పినాక మాలకొండమ్మ కొడుకు నాగేంద్రబాబు షెడ్డుకొచ్చి, ఏం జరిగిందని అడిగినాడు. "బండికేం రోగం లేదు, ఆడమనిషి గేరు మార్చడం ఆలస్యం చేసుంటాది" అన్నా. నవ్వుతా అన్నా. ఆ మాటకే వాళ్లు వేరే టాక్సీ పెట్టుకున్నారు. మిగతావాళ్లూ నీ బండి ఎక్కడం మానుకున్నారు.

విన్నావా? తిట్టు! తిట్టమ్మా!

అయ్యయ్యో, తొక్కినావు! తొక్కు, మధ్యలో కాలు తియ్యొద్దు! నూట ఎనభై... రెండొందలు... ఇంకా ఉండాది దమ్ము! దాటేసినావు! లైటు రాలా! చూసినావా నా పని?

...సరే. పని సంగతి వొదిలెయ్.

ఏంది, మర్రిపాడు వచ్చేస్తిమే. తిప్పుకోని పోదామా? ఈ సందులోకెందుకు? ఇది నాగేంద్రబాబు ఇల్లు గదా. వాడు వాకిట్లోనే ఉండాడు. ఆ చీరె కప్పుకోని కూర్చున్నది మాలకొండమ్మే, డయాలసిస్‌కి పొయ్యేదానికి టాక్సీ కోసం చూస్తా ఉన్నట్టుండాది.

ఓహో. నేను వాడితో అన్న మాట నీకు ముందే తెలుసు. అందుకా నన్ను ఎక్కించుకున్నది?

వాళ్ల ముందర, నా నోటితోనే చెప్పాలా? నీకు చెప్పినా గదా, చాల్దా?

...చాల్దులే.

ఉండు, దిగతా. నువ్వు ఇంజను ఆపొద్దు. నేను చెప్పినాక ముసలామె ఎక్కితే అట్నించి అటే నెల్లూరు పో, నాకోసం చూడొద్దు. నేను బస్సుకి పోతాలే.