సున్నుండల డబ్బా

పరాయి దేశంలో, ఇంటర్నేషనల్ సిటీ అనే పేట బస్టాపులో, ఇళ్లల్లో వంట చేసే తల్లి కాలేజీకి బయల్దేరిన కూతురి చేతిలో స్టీలు డబ్బా పెట్టింది.

"సున్నుండలు. నీకు లెక్కలు చెప్పే అమ్మాయికియ్యి."

"అమ్మా, కాలేజీలో అది ఫ్రీ. ఏం తీసుకోరు."

"ఫ్రీ అయితే మాత్రం? చదువు చెప్పేవాళ్ల దగ్గరికి ఒట్టి చేతుల్తో ఎలా ఎళ్తావే?"

"ఆ అమ్మాయి చదువైపోయి వెళ్లిపోయింది."

"మరి నీకెవరు చెప్తారు?"

"ఇవాళ్టి నుంచి కొత్తగా చేరినోళ్లకి నేనే చెప్తాను. నన్ను పెట్టారు."

"కిందటేడు లెక్కలు తప్పి ఏడ్చింది నువ్వే కదే?"

"అందుకేనమ్మా. వాళ్లకి ఎక్కడ కష్టమవుద్దో నాకు తెలుసుగా."

తల్లి డబ్బా వెనక్కి తీసుకుంది. చున్నీతో తుడిచి, ఈసారి రెండు చేతులతో అందించింది.

"తీసుకోండి, టీచరుగారూ."