పేరు పెట్టనన్న కొమురెల్లి

కొమురెల్లి అని ఒక గొల్లాయన ఉండెనంట. గొర్లు కాసెటోడు. మంచోడే గని అడిగే రోగమొకటుండె. అన్నం పెడ్తే తినుడెందుకు అంటడు, తిని మరీ అంటడనుకో. పెండ్లాం పేరు సాయవ్వ. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పురుట్లనే పోయిన్రు. మూడోది ఆడపిల్ల పుట్టింది. మీకెరికే గద, పిల్లలు దక్కకపోతే మన దిక్కు ఏం చేస్తరు? పుట్టినదాన్ని పెంటకుప్ప మీద జరసేపు పండవెట్టి పెంటమ్మ అని పేరు వెడ్తరు. చావొచ్చి చూసి, ఛీ, ఈ పెంట నాకెందుకని పోవాలెనని. కొమురెల్లి తల్లి గట్లనే చెయ్యుమన్నది. ఆయన ససేమిరా అన్నడంట. "ఇద్దరొచ్చిన్రు, పోయిన్రు. ఎందుకొచ్చినట్టు? ఇదెందుకొచ్చినట్టు? అసలు ఈ లోకమెందుకున్నట్టు? గది తెలిసేదాక పేరు పెట్ట" అని మొండికేసిండు. సాయవ్వకు కోపమొచ్చింది. "మందల గొర్రె ఈనంగనే బొల్లి, చుక్క అని పేర్లు పెడ్తవు. ఒక్కదాన్నన్న ఎందుకు పుట్టినవే అని అడిగినవా?" అన్నది. ఆయన పిల్లను ఎత్తుకోలే, దాని దిక్కు చూడలే. భయం, ఇంకేంది! పేరు పెట్టి పిలిచినంక పోతే, ఆ పేరు నోట్లె మిగుల్తది గద.

ఏమైందంటే, ఇగ దేవుణ్నే అడుగుతనని గుట్టెక్కిండు. గొంగడి పరుసుకొని కూసొని, "దేవుడా, దిగు! నువ్వు దిగకపోతే నేను దిగ" అని ఒకటే లొల్లి. దేవుడు చెవులు మూసుకున్నడు, అటు తిరిగిండు, ఇటు తిరిగిండు, లొల్లి ఆగుతలేదు. దిగొచ్చి గొంగడి మీద ఓ మూలకు కూసొని, "చుట్ట ఉన్నదా?" అన్నడంట. నవ్వకున్రి, దేవుడైతే చుట్ట తాగొద్దా? లోకమెందుకు చేసినవంటే బుర్ర గీక్కున్నడు. "ఎప్పటి ముచ్చటో అది. నేనొక్కన్నే ఉంటి. అంతా చీకటి. నన్ను పిలిచెటోడు లేడు. ఎవరన్న ఓ అని పిలిస్తే ఎంత బాగుండు అనిపించింది. మట్టి చేసిన, నీళ్లు చేసిన, మిమ్ముల చేసిన." "గంతేనా?" "గంతే. ఇప్పుడు ఆపుమన్నా ఆపుతలేరు, నీ అసొంటోళ్లు" అన్నడంట.

మరి నా బిడ్డ బతుకుతదా అన్నడు కొమురెల్లి. అసలు ముచ్చట గదే గద, లోకం సంగతి ఎవనికి కావాలె! దేవుడు తల దించుకున్నడు. అది నా చేతుల లేదురా, పోయిన ఇద్దరి కోసం నేను గూడ ఏడ్చిన అన్నడు. ఇంతకు దాన్ని ఏమని పిలుస్తున్నవు అని అడిగిండు. పేరు పెట్టలేదన్నడు ఈయన. దేవుడు గయ్యిమని లేచిండు. "ఓరి నీ! ఒక్క పిలుపు కోసం నేను ఇంత లోకం చేస్తి. నీ ఇంట్ల పిల్ల పిలుపు లేకుంట పడి ఉన్నదా? పో, దిగు!"

దిగిండు. గొంగడి మర్చిపోయి దిగిండు. మిగిలిన చుట్టలు దేవుడే తీస్కపోయిండనుకో. ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకపోయి, పెంటకుప్ప మీద పండవెట్టి, వంగి చెవుల "పెంటమ్మా" అన్నడు. అది కండ్లు తెరిచింది. "పెంటమ్మా, ఓ పెంటమ్మా" అని ఏడ్సుకుంట మళ్ల పిలిచిండు. ఎత్తుకుంటే అంగి మీద ఉచ్చ వోసిందంట.

బతికిందా అంటున్నవా యాదమ్మా? నీ ముందల కూసొని ఇంతసేపు కత చెప్పింది మరెవరనుకున్నవే? అందరు అవ్వ అవ్వ అంటరు గని, మా నాయిన పోయినంక నన్ను పేరుతోని పిలిచెటోళ్లే లేకపాయె. ఎందుకు పుట్టిననో నాకిప్పటికి తెల్వదు. పిలిస్తే మాత్రం పలుకుత. ఏదీ, ఒక్కసారి పిలువున్రి.