ధర్మవరం ఎండలో మారిస్ హీటరు

2001 డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం, పెనుకొండ బస్టాండు ఎదుట సుబ్బలక్ష్మమ్మ టీకొట్టు బెంచీ మీద ఆశీర్వాదం సారు ఒక గోనెసంచిని పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సంచిలో ఉన్నది పాత మారిస్ మైనర్ కారు హీటరు. చలిదేశాల్లో కారు లోపలికి వెచ్చని గాలి పంపడానికి బిగించే ఇనుప డబ్బా అది. హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైన సారు ఈమధ్యే ఆ కారు కొన్నారు. జనవరిలో బెంగళూరులో పాత కార్ల ప్రదర్శన ఉంది. అక్కడికి వెళ్లే కారులో ప్రతి భాగమూ అసలుదై ఉండాలి, పని కూడా చేయాలి. హీటరు డబ్బా ఉంది గాని, ఇంజనులోని వేడినీళ్లను దానిలోకి వదిలే చిన్న ఇత్తడి కుళాయి లేదు. దాని కోసం ఆయన బెంగళూరు, మద్రాసుల్లో పాతసామాన్ల గుజరీలు రెండు నెలలు గాలించారు. కుళాయి దొరకకపోతే కారు ఇంటి ముందే ఆగిపోతుంది. కారు అమ్మిన పెద్దమనిషి హిందూపురం మెకానిక్ సంజీవప్పను అడగమన్నాడు. ఆ పెద్దమనిషి ఎవరో మాత్రం సారు ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సారు కబురు పంపితే సంజీవప్ప మొదటి బస్సుకే వచ్చాడు. సంచి ముడి విప్పలేదు, పైనుంచే ఒకసారి తడిమి, టీ గ్లాసు అందుకున్నాడు.

"మారిస్ హీటరేనా సార్? దీనికింత దిగులెందుకు? తొంభై మూడులో ధర్మవరం పట్టుచీరల ఈశ్వరప్ప బండికి ఇదే పని నేను చేసినా. అనంతపురం, బళ్లారి మెకానిక్కులు చూసి చేతులెత్తేసిన బండి అది."

ఆ పని ఎలా చేశాడో అతను వరుసగా చెప్పుకొచ్చాడు. డబ్బా విప్పి, లోపలి రాగి గొట్టాలను చింతపండు నీళ్లలో నానబెట్టాడట. ఒక చివర మూసి, రెండో చివర సైకిలు పంపుతో గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చినచోట తగరంతో మాటు పెట్టాడట. తిరగని మోటారును రెండు రాత్రులు ఆముదంలో ఉంచి తిప్పాడట. బెంచీ చివర కూర్చున్న లారీ డ్రైవరు సుంకన్న తల ఊపాడు. అంతవరకూ చెప్పినదాంట్లో ఏ మెకానిక్కూ తప్పు పట్టలేడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మే నెల, మిట్టమధ్యాహ్నం, ఈశ్వరప్ప నా పక్క సీట్లో కూర్చుని, ఏదీ తిప్పు సంజీవప్పా అన్యాడు. దిగి, బానెట్టు ఎత్తి, కుళాయి రవ్వంత, గోరంత తిప్పినా. అంతే. ఎనక సీట్లో సంచెడు పచ్చి శెనక్కాయలు ఉండె, బత్తలపల్లి దాటేలోగా పటపట పేలి, మంచి దోరగా వేగినాయి. ఉప్పొక్కటే తక్కువ."

"ఉప్పుకు మీ చెమట లేదా?" అంది సుబ్బలక్ష్మమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

సంజీవప్ప ఆ మాట విననట్టే కథలో ముదిగుబ్బ చేరుకున్నాడు. అక్కడ ఒక అవ్వ కోడిగుడ్ల బుట్టతో చెయ్యి అడ్డం పెట్టిందనీ, కదిరిలో దిగేటప్పటికి ఆమె బుట్టలో ఇరవై నాలుగు పిల్లలున్నాయనీ చెప్పాడు. గుడ్లు రెండు డజన్లేనా అని సారు అడిగారు. ఇరవై ఐదు సార్, ఒకటి మురిగింది, అబద్ధం యాలా చెప్పేది అన్నాడు సంజీవప్ప.

"ఇంగ కదిరి నుంచి ధర్మవరానికి ఎనక్కి వస్తాండాం. తాడిమర్రి దగ్గరికి వచ్చినాం."

ఇక్కడ సుంకన్న గ్లాసు కింద పెట్టాడు. ఆ దారుల్లో ఇరవై ఏళ్లుగా లారీ తోలుతున్నవాడు. "కదిరి నుంచి ధర్మవరం పోయేవాడు తాడిమర్రి మీద యాల వస్తాడప్పా? ముదిగుబ్బ మీద గదా దారి."

"నేను రాలేదబ్బా, రోడ్డు వచ్చింది. మా హీటరు వేడికి తారు కరిగి, రోడ్డే తాడిమర్రి పక్కకు జారింది. నేను స్టీరింగు పట్టుకుని అది యాడికి పోతే ఆడికి పోయినా."

సుంకన్న గ్లాసు మళ్లీ తీసుకున్నాడు.

సంజీవప్ప గొంతు ఇంకాస్త నెమ్మదించింది. కథ పెద్దదయ్యేకొద్దీ గొంతు తగ్గించడం అతని పద్ధతి. తాడిమర్రి చేలలో ఆ ఏడు విత్తనం పడలేదనీ, రైతులు గట్ల మీద కూర్చుని ఆకాశం చూస్తున్నారనీ చెప్పాడు. కారు కిటికీలోంచి పోయిన వేడి నిలువునా పైకి లేచిందట. మడకశిర మీదుగా కర్ణాటకకు పోతున్న మబ్బులు, ఈడ ఏదో వెచ్చగా ఉండాదే అని వెనక్కి తిరిగాయట.

"వాన మొదలైంది. కుళాయి కట్టేస్తే ఆగిపోయింది. మళ్లా తిప్పితే మళ్లా వచ్చింది. అప్పుడు లెక్క తెలిసింది సార్ నాకు. అర చుట్టు తిప్పితే జల్లు, నిండు చుట్టు తిప్పితే ఒక పదును వాన. రైతులు బండి చుట్టూ మూగి, నాయనా, విత్తనం వేసేదానికి ఒక్క పదును ఇచ్చి పో అన్యారు. ఒక్కటేం, రెండిచ్చినా. మూడో రోజు పెద్దాఫీసు నుంచి జీపు వచ్చింది. ఆ కుళాయి జిల్లాకు ఇయ్యప్పా, కరువనేది ఉండదు అని అడిగినారు. నేను ఇయ్యలే. యంత్రంలో ఒక భాగం తీస్తే యంత్రం ఉసురు పోతాది. మెకానిక్కు ధర్మం అది."

"ఆ కుళాయి ఇప్పుడు ఎక్కడుంది, సంజీవప్పా?" అని అడిగారు ఆశీర్వాదం సారు.

"ఈశ్వరప్ప బండికే ఉండాది సార్. నేను బిగించింది ఎవురు తీస్తారు?"

సారు తన టీ పూర్తి చేసి, గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ఈశ్వరప్ప బండి కొన్నది నేనే. నీ పేరు చెప్పింది కూడా ఆయనే. బానెట్టు ఎత్తి చూస్తే కుళాయి ఉండాల్సిన చోట ఇనుప రేకు ముక్క, రెండు బోల్టులు ఉన్నాయి. హీటరుకు పోయే గొట్టాలు రెండూ ఒకదానికొకటి కలిపి కట్టి ఉన్నాయి. ఇంజను నీళ్లు హీటరు దాకా వెళ్లే దారే లేదు. ఈ డబ్బా స్క్రూల మీద కంపెనీ వేసిన నల్లరంగు, పోయిన నెల నేను విప్పేదాకా పగల్లేదు. అంటే దీన్ని నాకంటే ముందు ఎవరూ విప్పలేదు. లోపల ఎలుక గూడు ఉంది. శెనక్కాయ తొక్కలున్నాయి. అవి మాత్రం వేగినవి కాదు."

సుబ్బలక్ష్మమ్మ గరిటె ఆపింది. సుంకన్న నవ్వబోయి, సంజీవప్ప ముఖం చూసి మానుకున్నాడు. సంజీవప్ప సంచిని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"గొట్టం కారి ఈశ్వరప్ప కాళ్ల మీద వేడినీళ్లు పడతాండె సార్. అట్లాంటి డబ్బా నేను అంతకుముందు చూసిందే లేదు. విప్పితే మళ్లా బిగించగలనో లేనో అని భయమైంది. కుళాయి తీసి, రేకు కొట్టి, గొట్టాలు కలిపేసినా. కారేది ఆగింది. ఆయప్పేమో హీటరు కూడా బాగుపడిందనుకున్యాడు. డబ్బాలోని ఫ్యాను స్విచ్చి వేసి ఆ గాలికి ముఖం పెట్టినాడు. ధర్మవరంలో మే నెల్లో ఫ్యాను తిరిగితే చల్లగాలి వస్తాదా? ఎంత వేడి, ఎంత వేడి అని మురిసిపోయి నాకు పట్టుపంచె పెట్టినాడు. పది మందిలో పెట్టినాడు సార్. ఆడ కాదని ఎట్ల చెప్పేది?"

ఆ పంచె కట్టుకున్న రోజు నుంచే కథ మొదలైందని వేరే చెప్పనక్కరలేదు.

"పంచె సంగతి నాకొద్దు. కుళాయి ఏం చేశావు? పారేశావా?" సారు గొంతులో మొదటిసారి కంగారు వినిపించింది.

"పారేస్తానా సార్, ఇత్తడిది. మా ఇంట్లో నీళ్లు కాచే రాగి హండాకు మాటు పెట్టించినా. అంగట్లో కొన్న కుళాయిలు ఆ వేడికి ఆర్నెల్లు ఆగలేదు. ఇది ఎనిమిదేళ్లయింది, ఒక్క చుక్క కారలేదు."

"ఇదన్నా నిజమేనా అబ్బా?" అన్నాడు సుంకన్న.

"మా ఇంటిది కదిరమ్మ మీద ఒట్టు."

సారు లేచి నిలబడ్డారు. బెంగళూరు ప్రదర్శనకు ఇంకా నాలుగు వారాలున్నాయి. హండాకు కొత్త కుళాయి, అదీ ఇత్తడిదే, తన ఖర్చుతో పెట్టిస్తాననీ, ఇప్పుడే హిందూపురం వెళ్దామనీ అన్నారు. సంజీవప్ప మాత్రం బెంచీ మీదనుంచి కదల్లేదు.

"పోయినేడు ఒక బండికి కావాలని ఆ కుళాయి మీద చెయ్యి వేసినా సార్. రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలే. కదిరమ్మను మీరే అడగల్ల. సదువు చెప్పే సార్ల మాట ఆమె కాదనదు."

"నేనే అడుగుతాను," అన్నారు సారు, సంచి ఎత్తి అతని చేతికిస్తూ. "నువ్వు ఇది పట్టుకుని నా పక్కన నిలబడు. అది ఏ బండిదో, ఎందుకు కావాలో, అన్నీ ఆమెకు నేనే చెప్తాను. నువ్వు మాత్రం నోరు తెరవద్దు."