సగం మాట

టవర్ క్రేన్ పైగదిలో బామ్మర్ది, కింద సరుకు దింపించే బావ. గోడ అడ్డం కావడంతో ఒకరికొకరు కనిపించరు. వాకీటాకీయే దిక్కు. ఇనుప కడ్డీల మోపు గాలిలో వేలాడుతోంది.

“బావా, దించనా?”

“దించు...”

“సరే, దించుతున్నా.”

“ఆపరా! ఆపు!”

“ఆపాను. ఏమైంది?”

“దించొద్దన్నాను కదరా! చెవుల్లో దూది పెట్టుకున్నావా?”

“నాకు ‘దించు’ అనే వినిపించింది. మాట పూర్తికాకుండానే బటన్ వదిలేస్తావు, కొస నీ దగ్గరే ఉండిపోతుంది. పొద్దుట్నుంచి మొత్తుకుంటున్నా!”

“నాకే పాఠాలా?”

“పాఠాలే! ఇకమీద ‘దించొద్దు’ అనకు, ‘ఆపు’ అను. మాట అయ్యాకే బటన్ వదులు. ఇంతకీ ఎందుకొద్దన్నావు?”

“మోపు కింద నేనే ఉన్నాను. కాలు చెక్కల మధ్య ఇరుక్కుంది.”

“అయ్యో బావా! ఆ మాట ముందు చెప్పవేం? మోపు ఎంత దూరంలో ఉంది?”

“చెయ్యెత్తితే తగులుతోంది.”

“పైకి ఎత్తుతున్నా. ఏం విన్నావో తిరిగి చెప్పు.”

“పైకి ఎత్తుతున్నావు.”

మోపు మెల్లగా లేచింది.

“కాలు?”

“వచ్చింది. బూటు రాలేదు.”

“బూటు పోతే పోనీ. దూరంగా జరిగి, జరిగానని చెప్పు.”

“జరిగాను.”

బామ్మర్ది ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాక గానీ మోపు దించలేదు.