పిడుగును దులిపిన గొంగడి

సాగర్ కట్ట పని నడుస్తున్న యేడు, రామన్నపేటల భిక్షం చాయ హోటల్ కాడ కురుమయ్య కాలు చాపుకొని కూసున్నడు. కాలు విరిగి ఆర్నెల్లాయె. వానకాలం తన తొంభై గొర్లను నల్లమల దిక్కు తోలుకపోయేటోడు దొరుకక ముసలాయనకు ఒకటే దిగులు. ఆ ముచ్చట చెవిన పడంగనే, మంద కాసే పని దొరుకుతదని ఐలేశం భుజాన గొంగడి ఏసుకొని దిగిండు.

"ఫికర్ వద్దు మామా, నేనున్న. పోయినేడు ఒక్క గొర్రెపిల్లను గీ గొంగడిల చుట్టుకొని వాగు దాటిన. గంతే, పెద్ద ముచ్చట గాదు. ఆ ఎనుక ఏమైందో ఎరుకేనా? రాళ్లవాన! ఒక్కొక్కటి టెంకాయంత! పిల్లను దాస్తే తల్లి ఊకుంటదా, అదీ జొచ్చింది. తల్లెనుక మందంత జొచ్చింది. గుంజినకొద్ది సాగుతాంది మామా గొంగడి!"

"మందంతనా?" భిక్షం చాయ పోసుడు ఆపిండు.

"రెండు నూర్లు! లోపట చుక్క తడి లేదు. గంతల తోడేలొచ్చి అంచు లేపి తొంగిచూసింది..."

"అయ్యో, తిన్నదా?"

"ఏం తింటది? గా వెచ్చదనానికి దాని కండ్లు మూతలువడ్డయి. పొట్టేలు మీద తలపెట్టి పండింది. గప్పుడే పిడుగు వడ్డది మామా, సక్కగ నా నెత్తిన! గొంగడి ఒక్క దులుపు దులిపిన. పోయి భువనగిరి గుట్ట మీద వడ్డది. గా బండ గంత నున్నగ ఎట్లయిందనుకున్నవ్?"

కురుమయ్యకు నమ్మాలెనని మనసు గుంజుతాంది. తన జీవాలు గసొంటి గొంగడి నీడకు ఉంటయనుకుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఒక్కపారి ఇయ్యి బిడ్డా, కండ్లకద్దుకుంట."

ఐలేశం ఛాతి ఇరిసి అందిచ్చిండు. మొకానికి ఆనిచ్చుకుంటే గొంగడి కరకరమన్నది. కురుమయ్య అంచు మడిచి, వేళ్లతోటి నలిపిండు. నేసేటప్పుడు పట్టిచ్చిన చింతగింజల గంజి పొట్టుపొట్టుగ ఒడిల రాలింది. వాన తగిలితే నిలువని గంజి అది.

"ఐలేశా, దీని గంజి ఇంక పోలే. ఇది ఒక్క వాన గూడ సూడలే కదరా."

ఐలేశం గొంగడి కోసం చెయ్యి చాపిండు.

కురుమయ్య గొంగడి తిరిగియ్యలే. తనే కప్పుకొని, కట్టె పట్టుకొని లేచిండు.

"రేపు నేనే గాడిదెక్కి మంద ముందు పోత. నువ్వు ఎనుకనుంచి తడుసుకుంట రా."