మూడో మనిషికి చెప్పని తాళం

నా పేరు మీరు పైన రాసుకున్నారు, ఎస్సైగారూ. వీధిలో అందరూ తాళాలాయన అనే పిలుస్తారు. వయసు నలభై మూడు. బిగుసుకుపోయిన తాళాలు తీయడం, పోయినవాటికి మారు తాళంచెవులు చేయడం నా వృత్తి. నేను తీయలేని తాళం ఊళ్లో లేదని చెప్పుకునేవాణ్ణి. ఇకమీదట చెప్పుకోను.

నా భార్య మనోవ్యాధుల డాక్టరు దగ్గర టైపిస్టు. ఆయన రోగుల సంగతులు చెప్పి రికార్డు చేస్తాడు. ఆమె ఇంట్లో మా కంప్యూటరు ముందు కూర్చుని, అవి వింటూ టైపు చేస్తుంది. అంటే సాయంత్రమంతా ఆయన గొంతు ఆమె చెవుల్లోనే. నేను పిలిస్తే వినపడదు. ఒకసారి నవ్వింది. ఎందుకని అడిగితే ఏమీ లేదంది.

రెండు నెలల కిందట డాక్టరు చెప్పాడని ఆ ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసింది. పాస్‌వర్డ్ లేకుండా తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయట. తాళం లాంటిదే అంది. నేను అంతవరకే విన్నాను. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకునేది. ఏమిటది అని అడిగాను.

"డాక్టరుగారికీ నాకూ మాత్రమే తెలియాలండీ. మూడో మనిషికి చెప్పకూడదు," అంది.

మూడో మనిషిని నేను. నా ఇంట్లో. కడుపు మండిపోయింది, ఉన్నమాట చెబుతున్నాను. మా పెళ్లి తేదీ కొట్టి చూశాను, తెరుచుకోలేదు. చివరికి డాక్టరు పేరు కూడా కొట్టాను. అదీ కాదని తేలాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

సోమవారం ఉదయం పది గంటలకు ఆమె క్లినిక్కుకు వెళ్లింది. నేను కంప్యూటరును రిపేరు షాపుకు తీసుకెళ్లి, తాళం మార్చెయ్యమన్నాను. లోపలున్నవి పోతాయి, ఫర్వాలేదా అని షాపతను అడిగాడు. అడగలేదని అనను. బీరువాకు తాళం మారిస్తే బట్టలెక్కడికి పోతాయని నవ్వాను. నా పనిలో అవి ఎక్కడికీ పోవు. అతను మొత్తం చెరిపి ఇచ్చాడు.

ఆ ఫైళ్లకు ఇంకా నకలు తీయలేదట. డాక్టరు మీకు ఫిర్యాదు ఇచ్చాడు, ఆమె ఉద్యోగం పోయింది. నన్ను తిట్టలేదు.

"ఆ రోగులు ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేనివి చెప్పుకున్నారండీ," అని మాత్రం అంది.

నిన్న సాయంత్రం ఇంటికి వెళితే వీధి తలుపుకు కొత్త తాళం బిగించి, లోపలినుంచి వేసి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఆ తాళం తీయడం నాకు చిటికెలో పని. తీయలేదు. మెట్టు మీద కూర్చున్నాను. బిగింపు బాగుంది, ఎక్కడా గీత పడలేదు. ఎవరిచేత వేయించిందో మీరైనా కనుక్కుని చెప్పండి.

రాసింది చదివి వినిపించారు. ఇవి నా మాటలే, ఇందులో అబద్ధం లేదు. ఎవరూ నన్ను ఒత్తిడి చేయలేదు.

(సంతకం)